ఇరవై నాలుగో అభ్యంతరం

భాగీరథి గల్లీలో కాలు పెట్టి పద్నాలుగు నెలలైంది. మూడో అంతస్తులోని రెండు గదుల్లో మాత్రం రోజూ తిరుగుతూనే ఉంది. మంచం నుంచి గోడ, గోడ నుంచి కుర్చీ, కుర్చీ నుంచి పొయ్యి గట్టు. గట్టు పక్కన స్టూలు మీద కూర్చుని కూర తరుగుతుంది, వంట చేస్తుంది, మళ్లీ అదే దారిన మంచానికి చేరుతుంది. ఆ దారంతా కొలిస్తే ఇరవై అడుగులుండదు.

బమ్రోలిలో సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాలకు వెనక గల్లీలో ఉంది వాళ్ల మార్కండేయ సొసైటీ. కింద ఆరు ఇండ్లు, పైన మూడంతస్తుల్లో పద్దెనిమిది. సిరిసిల్ల, కరీంనగర్ దిక్కుల నుంచి నేత పనికి వచ్చి సూరత్‌లో పాతుకుపోయిన కుటుంబాలే సగానికి ఎక్కువ. లిఫ్టు లేదు. కట్టినవాడు పెట్టలేదు, కొన్నవాళ్లు అడగలేదు. కొన్నప్పుడు భాగీరథికి ముప్పై మూడేండ్లు. నీళ్ల బిందె చంకన పెట్టుకుని యాభై నాలుగు మెట్లూ ఒక్క ఊపున ఎక్కేది.

పన్నెండో ఏట నుంచి ఆమె నేల మీద గొంతుక్కూర్చుని కండెలు చుట్టింది. మోకాళ్లు అప్పుడే అరగడం మొదలయ్యాయో, తర్వాత పట్టిన కీళ్లవాతం అరగదీసిందో డాక్టర్లు తేల్చలేదు. మోకాళ్లు మార్చాలన్నారు. తీరా అన్ని పరీక్షలూ చేశాక, గుండె సరిగ్గా లేదు, మత్తు ఇవ్వలేం అన్నారు. ఆ పరీక్షలకు పోయిన రోజే ఆమె ఆఖరుసారి మెట్లు దిగింది. దిగడం కాదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్లు మోశారు. రెండో అంతస్తు మలుపులో ఒకతని చెప్పు జారింది. కుర్చీ ఒరిగింది. పడలేదు గానీ చీర మోకాళ్ల పైకి జారిపోయింది, నలుగురూ నాలుగు దిక్కులకు మొహాలు తిప్పుకున్నారు. తిరిగొచ్చాక ఆమె భర్త రాజమౌళితో "ఇగ నన్ను ఎవ్వరూ మోయొద్దు" అంది. అతను సరేనన్నాడు.

రాజమౌళి చెడిపోయిన సాంచెలు బాగుచేసే మేస్త్రి. ఉధ్నా దాకా అతని పేరు తెలుసు. పొద్దున్నే భార్యకు నీళ్లు కాచి పోసి, తల దువ్వి జడ వేసి, అప్పుడు కార్ఖానాకు పోతాడు. ఈ పద్నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. కింద ఇల్లు కిరాయికి దొరుకుతుందేమోనని చుట్టుపక్కల గల్లీలన్నీ తిరిగాడు కూడా. కింది గదులు ఎక్కడా ఇండ్లుగా మిగల్లేదు. ఒకదాంట్లో ఎంబ్రాయిడరీ మిషన్లు, ఒకదాంట్లో చీరల మూటలు, ఇంకోదాంట్లో కుట్టు పని. మనుషులు పైన ఉంటారు, పని కింద ఉంటుంది. అక్కడి తీరే అది.

వాళ్ల సొసైటీలోనూ అంతే. సరిగ్గా వాళ్ల కిందనే, నేల ఇంట్లో మంగ ఉంటుంది. ముందు అరుగు మీద పొయ్యి పెట్టి పొద్దున్నే బియ్యప్పిండితో సర్వపిండి కాలుస్తుంది. షిఫ్టు దిగే నేత పనివాళ్లు నిలబడి తిని పోతారు. వెనక గదిలో ఆమె భర్త దేవదాస్‌ది ఒక ఎంబ్రాయిడరీ మిషను. భాగీరథిని మంగ వదినా అని పిలుస్తుంది. చుట్టరికం లేదు, పదహారేండ్ల పిలుపు. రోజూ మధ్యాహ్నం అరుగు కడిగేసి, మిగిలిన పిండిలో ఒకటి కాల్చుకుని పైకి వస్తుంది. భాగీరథి దగ్గరికి లోకం వచ్చేది ఆ గంటలోనే.

ఇంతలో మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. ఆ చుట్టుపక్కల గల్లీల్లో కట్టడాల ఎత్తుకు ఇప్పుడున్న పదిహేను మీటర్ల హద్దును నలభై ఐదుకు పెంచాలనుకుంటున్నారట. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసివ్వాలట. ఎదురు గల్లీలో పాత షెడ్డు కొన్న బిల్డరు అప్పుడే రంగుల బోర్డు పెట్టేశాడు.

సొసైటీ మీటింగులు రాజమౌళి ఇంట్లోనే జరిగేవి. భాగీరథి ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది గనక తలుపు ఎప్పుడైనా తెరిచే ఉంటుందన్నది అందరి లెక్క. మగవాళ్లు చాప మీద, ఆడవాళ్లు మంచం మీదా గడపలోనూ. రాజమౌళి గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడేవాడు.

"హద్దు పెరిగితే ఎదురుంగ పదిహేను అంతస్తులు లేస్తయి. అంతటితోని ఆగదు. రేపు మన బిల్డింగు కూలగొట్టి కట్టిస్తనని వస్తడు. నూటికి డెబ్బై ఐదు మంది సంతకం పెడితే మిగిలినోళ్ల మాట నడవది. మూడేండ్లు యాడనో కిరాయికి ఉండాలె. తిరిగొచ్చినంక కింద గదులుండయి, బండ్లు పెట్టే జాగ ఉంటది. దేవదాస్ మిషను ఏ అంతస్తుల పెడ్తడు? మంగ పొయ్యి యాడ పెడ్తది? అందుకే చెప్తున్న, హద్దు కాడనే ఆపాలె."

అందరూ తలలూపారు. అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. భాగీరథి కూడా తల ఊపింది.

ఫారాలు నింపే పని ఆమెకే వచ్చింది. పిల్లప్పుడు ఆమె గుజరాతీ బడిలో తొమ్మిది దాకా చదివింది. అక్షరం ముత్యంలా ఉంటుంది. పైగా ఇండ్లు చాలామటుకు ఆడవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఆడవాళ్ల పేరున రిజిస్టరు చేస్తే రుసుము తక్కువని అప్పట్లో అందరూ అలాగే చేశారు. అందుకని వారం రోజులు మధ్యాహ్నాలు ఒక్కో ఆడమనిషి వచ్చి మంచం పక్కన కూర్చుని తన కారణం తెలుగులో చెప్పడం, భాగీరథి దాన్ని గుజరాతీలో పెట్టడం.

మంగ ఫారంలో, ముందరి అరుగు పోతే తన బతుకుదెరువు పోతుందని రాసింది. రెండో అంతస్తు ఊర్మిళ వచ్చి, "మా ఇంట్లకు ఎండ వచ్చేది ఒక్క కిటికీలకెల్లి. అది గూడ మూసుకపోతే పసిపిల్లను ఎట్ల పెంచాలె?" అంది. దాన్ని భాగీరథి ఇంకా బాగా తీర్చి, గాలీ వెలుతురూ రావు, పిల్లల ఆరోగ్యం చెడుతుంది అని రాసింది. వానాకాలంలో మురికి కాలువ ఇప్పటికే పొంగుతోందని ఇంకొకరికి. మోటారు పెట్టినా పైకి నీళ్లు ఎక్కడం లేదని మరొకరికి. చెప్పేవాళ్లకు తోచని మాటలు కూడా తనే అందించింది. మంచిగా రాసినవ్ వదినా అని వాళ్లు సంతకం పెట్టి పోయేవారు. రెండు చేతుల వేళ్లూ వాచినా ఆ వారం ఆమెకు హాయిగానే గడిచింది.

అలా ఇరవై మూడు అయ్యాయి. ఆ సాయంత్రమే ఆమె కూతురు శ్రీప్రియ హజీరా నుంచి కంపెనీ బస్సు దిగి, మెట్లెక్కి వచ్చి, చెప్పులైనా విడవకుండా తల్లి పక్కన కూర్చుంది.

"జో మమ్మీ, చూడు" అని ఫోను తల్లి మొహం ముందు పెట్టింది.

ఎదురు గల్లీలో లేవబోయే బిల్డింగు బొమ్మ అది. కింద విశాలమైన చోటు, రెండు వెండి రంగు తలుపులు. తలుపుల ముందు చక్రాల కుర్చీలో ఒక ముసలాయన, పక్కన నవ్వుతున్న మనవరాలు.

"రెండు లిఫ్టులు. ఒకటి పెద్దది, మంచం గూడ పడుతదట. మన సొసైటీ గూడ గిట్ల కడితే నువ్వు రోజూ కిందికి పోవచ్చు. పప్పా ఇదంతా ఎందుకు ఆపుతుండో నాకు సమజ్ ఐతలేదు."

"అందరి కోసం" అంది భాగీరథి.

"అందర్ల నువ్వు లేవా?"

భాగీరథి ఫోను చేతిలోకి తీసుకుంది. ముసలాయన కాళ్లకు నల్లటి చెప్పులున్నాయి. తన చెప్పులు ఎక్కడున్నాయో ఆమెకు గుర్తు రాలేదు. లిఫ్టు అనే మాట ఇన్ని రోజుల మీటింగుల్లో ఎవరి నోటా రాలేదని ఆమెకు అప్పుడు తట్టింది. తన నోటా రాలేదు.

మర్నాడు అన్నం వడ్డిస్తూ రాజమౌళితో అంది. "ఎత్తు బిల్డింగులకు లిఫ్టు ఉంటదట."

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. "శ్రీప్రియ బొమ్మ చూపిచ్చిందా?"

"చూపిచ్చింది."

"అది బొమ్మ. మూడేండ్లు అంటడు, ఆరేండ్లు చేస్తడు. అందాక నిన్ను ఏ అంతస్తుల పెట్టాలె? లిఫ్టు కోసం ఇరవై నాలుగు ఇండ్లు కూలగొట్టుకుందామా?"

"నేను గట్ల అనలే."

"మరి ఏందన్నవ్?"

"లిఫ్టు ఉంటదట అన్న."

అతను తినేసి లేచాడు. చేయి కడుక్కుంటూ, "నీ ఫారం నింపినవా? రేపటితోని గడువు" అన్నాడు.

ఆమె ఆ సాయంత్రం తన ఫారం తీసింది. పేరు రాసింది. ఇంటి నంబరు రాసింది. అభ్యంతరానికి కారణం అన్న చోట కలం ఆగింది. ఇరవై మూడు మందికి ఇరవై మూడు కారణాలు వెతికి ఇచ్చిన మనిషికి తన కారణం ఒక్కటి దొరకలేదు. మంగ అరుగు ఉండాలని ఆమెకు నిజంగానే ఉంది. ఊర్మిళ కిటికీలో ఎండ ఉండాలని ఉంది. ఇవన్నీ ఉండాలంటే తను ఈ గదుల్లోనే ఉండాలి, బతికినన్నాళ్లూ. కాదంటే, రోజూ తనకింత పిండి తెచ్చిపెట్టే మనిషి పొయ్యి ఆర్పాలి. ఎటు తిప్పి చూసినా ఫారం అలాగే ఉంది. తెల్లారి రాస్తానని అలమారలో పెట్టింది. తెల్లారి ఆమె లేచేసరికే రాజమౌళి కట్ట తీసుకుని పోయాడు. ఇరవై మూడే తీసుకుపోయాడనుకుంది. అలమార తెరిచి చూడలేదు, అడగలేదు. అతనూ చెప్పలేదు. ఎందుకో కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టయింది.

నెల తిరిగాక విచారణకు పిలిచారు. ఆ రోజు సొసైటీ మొత్తం కదిలింది. అయిదు ఆటోలు మాట్లాడారు. ఊర్మిళ పసిపిల్లను కూడా చంకనేసుకుని పోయింది. ఆడవాళ్ల గొంతులు మెట్ల మీద కిందికి, కిందికి దిగి గల్లీలో కలిసిపోయాయి. శ్రీప్రియ పొద్దున్నే డ్యూటీకి పోయింది. మిగిలింది పైన భాగీరథి, కింద పిండి కలిపి పెట్టుకున్న మంగ. మంగ తరఫున దేవదాస్ పోయాడు.

ఇల్లు సర్దుతుంటే అలమార మీద జిరాక్సుల కట్ట కనిపించింది. ఇచ్చిన ఫారాలకు ముద్ర వేయించుకున్న నకళ్లు. తన అక్షరాలు చూసుకుందామని ఆమె ఒక్కోటి తిప్పింది. ఆఖరిది తనది.

కారణం అన్న చోట ఊర్మిళ ఫారంలోని వాక్యం ఉంది. రాజమౌళికి గుజరాతీ చదవడం వచ్చు, రాయడం రాదు. అక్షరం అక్షరం చూసి బొమ్మ గీసినట్టు గీశాడు. గాలీ వెలుతురూ రావు, పిల్లల ఆరోగ్యం చెడుతుంది. ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకు ఒరిగి ఉంది. కింద సంతకం. భాగీరథి ఎప్పుడూ గుజరాతీలోనే సంతకం పెడుతుంది. ఇక్కడ తెలుగులో 'భాగీరథి' అని ఉంది, థి కింద ఒత్తి గీసిన గీతతో సహా. దఫ్తరులో ఎవరూ పట్టించుకోలేదు, గుండ్రటి ముద్ర సగం పేరు మీదనే పడింది.

ఆమెకు ముందు కోపం రాలేదు. దఫ్తరు వరండాలో ఏ బల్ల మీదనో వంగి కూర్చుని, ఊర్మిళ ఫారం పక్కన పెట్టుకుని, నాలుక పళ్ల మధ్య బిగబట్టి గీస్తున్న రాజమౌళి కళ్లకు కట్టాడు. జాలి కూడా వేసింది. తర్వాత మెల్లగా వేరే ఏదో మొదలైంది. తన పేరు గల్లీ దాటింది, ఆటో ఎక్కింది, దఫ్తరుకు పోయి పదిమంది చేతులు మారి వచ్చింది. తను మాత్రం ఇక్కడే ఉంది.

కట్టను అలమార మీద పెట్టి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. మొదటి మెట్టు మీద కూర్చుంది.

కూర్చుని దిగొచ్చని ఆమెకు ఇన్నాళ్లూ తోచకపోలేదు. నలుగురూ తిరిగే మెట్ల మీద దేకుతూ పోవడానికి మనసొప్పలేదు. ఈ రోజు మెట్ల మీద ఎవరూ లేరు. చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య దోపుకుంది. రెండు అరచేతులూ పక్కన ఆనించి, నడుము కింది మెట్టు మీదికి దించింది. కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి చేతులతో ఎత్తి ఇంకో మెట్టు కిందికి పెట్టింది. ఆగింది. మళ్లీ. మూడో మెట్టు అంచు పగిలిందని ఆమె మరిచిపోయింది, అరచేయి గీసుకుంది. గోడ మీద ఎవరో నమిలి ఉమ్మిన పొగాకు మావా మరకలు మొహానికి దగ్గరగా వచ్చి పోయాయి.

రెండో అంతస్తు చేరేసరికి చెమటతో రవికె తడిసిపోయింది. ఆరు తలుపులకూ ఆరు తాళాలు. అక్కడ కాసేపు ఆనుకుని, మళ్లీ కదిలింది. ఇంకో తొమ్మిది మెట్లు దిగి మలుపు మీదికి వచ్చాక ఎడమ మోకాలు పట్టేసింది. చేతులతో ఎత్తబోతే కళ్లకు చీకట్లు కమ్మాయి. కుడికాలు మీద బరువు పెడదామంటే అదీ ఒప్పుకోలేదు. పైకి ఇరవై ఏడు, కిందికి ఇరవై ఏడు.

పిలిచింది. పక్క కార్ఖానాలో సాంచెలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో తన గొంతు తనకే వినబడలేదు. ఫోను మంచం మీద ఉండిపోయింది. మెట్ల కిటికీ జాలీ లోంచి కొంచెం ఆకాశం, ఒక నీళ్ల ట్యాంకు కనిపిస్తున్నాయి. దాహం మొదలైంది. ఇంట్లో ఉన్నప్పుడు ఇరవై అడుగులైనా ఉండేవి. ఇక్కడ నాలుగడుగుల చప్టా. ఎంతసేపు కూర్చుందో తెలియదు.

ఫోను చేస్తే ఎత్తడం లేదని మంగ సర్వపిండి కంచం మీద మూత పెట్టుకుని పైకి వచ్చింది. మలుపు తిరిగి నిలబడిపోయింది.

"వదినా, ఇదేంది? పడ్డవా?"

"పడలే. దిగుతున్న."

"యాడికి?"

భాగీరథి కింది మెట్ల వైపు చూసింది. "కిందికి" అంది.

మంగ కంచం మెట్టు మీద పెట్టి కిందికి పరుగెత్తి నీళ్లు తెచ్చింది. రెండు గ్లాసులు తాగాక భాగీరథికి మాట వచ్చింది. లేపడానికి మంగ చంకల కింద చేతులు వేసి చూసింది. ఒక్కదాని వల్ల కాలేదు. ఇక ఆమె కూడా కింది మెట్టు మీద కూర్చుంది.

"వాళ్లు వచ్చేదాక ఉండాల్సిందే" అంది మంగ. తర్వాత కొంగుతో మెడ తుడుచుకుంటూ, భాగీరథి మొహం చూడకుండా అంది. "మీ ఇల్లు, మా ఇల్లు మార్చుకుందామని మీరు అనుకున్నది నాకు ఎరికే."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె. రాజమౌళి అన్న పోయిన వానాకాలంల మూడు సార్లు వచ్చిండు. అరుగు మీద కూసుంటడు. చాయ్ తాగుతడు. మంగా, అని మొదలుపెడ్తడు. నేను ఇంకో ముచ్చట ఎత్తుకుంట. అడగనియ్యలే నేను. మూడోసారి అన్న చాయ్ సగం వదిలిపెట్టి లేచిపోయిండు. ఇగ రాలే."

రాజమౌళి ఆ మాట ఎన్నడూ ఆమెకు చెప్పలేదు. మంగను అడగలేదా అని తను దెప్పినప్పుడు కూడా చెప్పలేదు.

"పైకి వస్తే పొయ్యి యాడ పెట్టాలె వదినా? సర్వపిండికి మూడంతస్తులు ఎవరు ఎక్కి వస్తరు?"

"నీ ఫారం నేనే రాసిన కద మంగా. రాసేటప్పుడు ఒక్క మాట గూడ అబద్ధం అనిపియ్యలే."

"నీ దాంట్ల ఏం రాసుకున్నవ్?"

"నేను రాయలే" అంది భాగీరథి. అలమార మీది కట్ట సంగతి చెప్పింది. సంతకం సంగతీ చెప్పింది. కంచంలో సర్వపిండి చల్లారిపోయింది. ఇద్దరిలో ఎవరూ ముట్టలేదు.

మూడు గంటలకు గల్లీలో ఆటోలు ఆగాయి. నవ్వులు, చప్పట్లు. ముందు ఊర్మిళ వచ్చింది, చేతిలో దూద్‌పేడాల డబ్బా. "గెలిచినం వదినా, మన గల్లీ జాబితాల నుంచి తీసేసిన్రు, గల్లీ వెడల్పు చాలదట" అంటూ నాలుగు మెట్లు ఎక్కి, చప్టా మీద ఇద్దరినీ చూసి ఆగింది. ఆమె వెనక వచ్చినవాళ్లు ఆమె మీద పడ్డారు. వరస మొత్తం మెట్ల మీద ఆగిపోయింది. భాగీరథి కాళ్లు దాటి పైకి పోవడానికి చోటు లేదు. దాటమని ఎవరూ అడగలేరు.

మనుషుల్ని తోసుకుంటూ రాజమౌళి వచ్చాడు. ఎవరో అతని మెడలో బంతిపూల దండ వేశారు. అది తీయడం మరిచిపోయాడు.

"ఏమైంది? ఎవరు తీసుకొచ్చిన్రు నిన్ను?"

"నేనే వచ్చిన."

దేవదాస్ ముందుకు వచ్చాడు. "పట్టుండ్రి. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. పైకి తీసుకపోదాం."

"కిందికి" అంది భాగీరథి.

"కింద ఏమున్నదే ఇప్పుడు?" అన్నాడు రాజమౌళి. "అలిసిపోయినవ్, ఇంట్ల పండుకో."

"ఏం లేదు. కిందికి."

అతను ఆమె వైపు చూశాడు. గీసుకుపోయిన అరచేయి చూశాడు. దండ తీసి కిటికీ జాలీకి తగిలించి, ఆమె ముందు వెనుదిరిగి గొంతుక్కూర్చున్నాడు. "మెడ పట్టుకో" అన్నాడు. మంగ, ఊర్మిళ ఎత్తి వీపు మీదికి చేర్చారు. యాభై ఆరేండ్ల మనిషి ఇరవై ఏడు మెట్లూ ఒక చేత్తో గోడ పట్టుకుని దిగాడు. అతని గుండె కొట్టుకోవడం ఆమె పొట్టకు తెలుస్తూనే ఉంది.

మంగ అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఇన్ని నెలల్లో రోడ్డు మళ్లీ వేశారు కాబోలు, అరుగు ఒక జానెడు కిందికి దిగినట్టుంది. మూలన దర్జీ దుకాణం పోయి మందుల దుకాణం వచ్చింది. పై నుంచి ఇన్నాళ్లూ ఆమె మనుషుల నడినెత్తులే చూసింది. ఇప్పుడు మొహాలు కనిపించాయి, కాళ్లు కనిపించాయి. షిఫ్టు దిగిన పనివాళ్ల జుట్టు మీద నూలు పీచు, దుమ్ము కొట్టుకున్న పాదాలు. ఎవరో పేడా తెచ్చి చేతిలో పెట్టారు. అంతా ఆమె చుట్టూ నిలబడి విచారణలో ఎవరు ఏమన్నారో చెప్పారు. ఆఫీసరు ఒకటికి రెండుసార్లు ఫారాలు చదివించుకుని, ఎవరు రాశారు, బాగా రాశారు అన్నాడట.

నెమ్మదిగా అందరూ ఇండ్లకు పోయారు. ఎండ షెడ్డుల రేకుల మీదికి జరిగింది. రాజమౌళి అరుగు అంచున కూర్చున్నాడు.

"ఆ సంతకం నాది కాదు" అంది భాగీరథి.

అతను తల ఎత్తలేదు. "గడువు అయిపోతుండె."

"అడిగితే పెడుదునేమో."

"ఊరందరివి నేనే తిరిగి పెట్టిచ్చి, నా ఇంటిదే లేకుంటే ఏం మొహం పెట్టుకొని నిలబడాలె?" అని, ఈసారి చిన్నగా అన్నాడు. "నీకు లిఫ్టు కావాలనున్నదని నాకు తెలుసు. అందుకే అడగలే."

అతను తనకు చెప్పిన మాటల్లో అంత నిజం ఇంకోటి భాగీరథికి గుర్తు రాలేదు. చీకటి పడకముందే ఆమెను మళ్లీ పైకి చేర్చారు. మొదటి అంతస్తు దాకా అతని వీపు మీద, అక్కడి నుంచి కుర్చీలో. ఈసారి ఎవరి చెప్పూ జారలేదు.

మోకాళ్లు వాచి పన్నెండు రోజులు మంచం దిగలేదు. శ్రీప్రియ ఫోను వీడియోలో డాక్టరు చూసి, ఇంకోసారి ఇలాంటి పని చేస్తే ఆ ఇరవై అడుగులు కూడా ఉండవన్నాడు.

తర్వాతి నెల శ్రీప్రియ ఇంకో సంగతి కనుక్కొచ్చింది. పాత బిల్డింగులకు బయటి గోడను ఆనుకుని చిన్న లిఫ్టు కట్టుకోవచ్చట. అందుకు ఎత్తు హద్దుతో పని లేదు. ఇరవై నాలుగు ఇండ్ల వాళ్లూ ఒప్పుకుని సంతకాలు పెడితే చాలు. భాగీరథి కాయితం రాసింది. మొదటి సంతకం తనదే, గుజరాతీలో. రాజమౌళే ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కడా ముచ్చట మార్చనివ్వలేదు, చేతులు జోడించి అడిగాడు. ఇరవై రెండు సంతకాలు వచ్చాయి.

బిల్డింగుకు మూడు వైపులా సందు లేదు. ముందు వైపే చోటు. లిఫ్టుకు గుంత తవ్వాలంటే అక్కడున్న రెండు అరుగులు తీసేయాలి. ఒకటి చీరల గోడౌను వాళ్లది, మంగ పెడితే తామూ పెడతామన్నారు. రెండోది మంగది. దేవదాస్, ఇల్లు ఆమె పేరు మీద ఉంది, ఆమెను అడుగుండ్రి అన్నాడు. మంగ ఆ రోజు రాజమౌళికి చాయ్ పోసింది, అతను అడిగిందంతా విన్నది, చెప్త అన్నా అంది.

మంగ పైకి రావడం మాత్రం మానలేదు. కాయితం అలమార మీద ఎదురుగానే ఉంటుంది. ఇద్దరూ దాని వైపు చూడకుండా మాట్లాడుకుంటారు. ఇరవై రోజులు అలా గడిచాక ఒక మధ్యాహ్నం మంగ కంచం పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"నేను పెట్టలేను వదినా."

"తెలుసు మంగా."

"తెలుసంటే నాకు ఇంకింత బాధైతది. ఒక మాటన్నా అను."

"ఏమనాలె?"

"నా జాగల నువ్వుంటే పెడుదువా?"

పదహారేండ్ల కింద చంకన బిందెతో ఎక్కిన మెట్లు, మంగ పొయ్యి సెగ, దఫ్తరులో ఎవరో మెచ్చుకున్న తన అక్షరాలు, అన్నీ భాగీరథి మనసులో తిరిగాయి. పెడుదునని అబద్ధం చెబితే మంగ ఏడ్చి సంతకం పెట్టేస్తుందని ఆమెకు తెలుసు. కలం మంచం మీదనే ఉంది.

"పెట్టకపోదును" అంది.

మంగ నేల మీద చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చేయి చాచి సర్వపిండిని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క భాగీరథి వైపు జరిపింది. ఇద్దరూ తిన్నారు. ఉప్పు కొంచెం ఎక్కువైందని భాగీరథి అంటే, ఈ రోజు అందరూ అదే అన్నరు అని మంగ అంది.